ఒక యంత్రము - పలువురి వంతులు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో చెఱువు క్రింద సేద్యము చేసినవారికి వంతు అనగానేమో చెప్పనక్కఱలేదు. నీరు కొంచెము, మడులు పెక్కు. నీరుగంటి యొక మడికి కొంతసేపు నీరు పెట్టి, గడువు తీరగనే వేఱొక మడికి మళ్ళించును. చెఱువు అందఱిది, రైతుకు దక్కునది వంతు మాత్రమే. ఈ న్యాయమే కంప్యూటరు చరిత్రలో నెట్లు ప్రవేశించెనో నేడు మనవి చేయుదును.

తొలినాళ్ళ కంప్యూటరు మిక్కిలి వెలగలది. దానిపై నొకసారి యొక్కరి పనియే నడచెడిది. తక్కినవారు ఫలితమునకై గంటల తరబడి వేచియుండెడివారు. 1961లో అమెరికాయందలి మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కార్బటో బృందము కాలమును పంచు పద్ధతిని ప్రదర్శించెను. యంత్రము ఒకరి పనిని క్షణములో నల్పభాగము చేసి, వెంటనే మఱియొకరి పనికి మరలును. ఆ వేగమువలన ప్రతివారికిని యంత్రము తమదే యనిపించును.

1964 చివర ఐ.బి.ఎం. వారి కేంబ్రిడ్జి కేంద్రమున రాబర్టు క్రీసీ మొదలగువారు మఱియొక యడుగు వేసిరి. వాడుకరికి వంతు మాత్రమే కాక, సంపూర్ణమైన యంత్రమే యున్నట్లు తోపజేసిరి. ఇదియే వర్చువల్ మెషీను, కల్పిత యంత్రమందము. 1967 నాటికి వారి సి.పి.-40 వాడుకలోనికి వచ్చెను. 1972లో వచ్చిన వి.ఎం.-370 నందు, ఒక వాడుకరికి ప్రాసెసరు కాలములో నింతశాతమని నిర్వాహకుడు ఆజ్ఞ వ్రాసి నిర్ణయింపగలిగెను. నీరుగంటి చేతి పార యిక్కడ నక్షరరూపము దాల్చినది.

అట్టి సౌకర్యము నేడు చిన్న యంత్రములకును లభించినది. 2003లో ఫాబ్రీస్ బెల్లార్డు క్యూఎమును వెలువరించెను. 2007లో కె.వి.ఎం. లినక్సులో జేరెను. క్యూఎము ఆజ్ఞలో "-ఎస్‌ఎంపి 4" అని వ్రాసినచో కల్పిత యంత్రమునకు నాలుగు ప్రాసెసర్లు కనబడును. ఒక సాకెట్టు, అందు రెండు కోర్లు, కోరు కోరుకు రెండు థ్రెడ్లు అని విడదీసియు వ్రాయవచ్చును. గుణించిన నాలుగే రావలెను.

ఇచ్చట ననేకులు పొరపడుదురు. నాలుగు అనునది మడుల లెక్కయే గాని నీటి కొలత గాదు. కాలమునకు హద్దు పెట్టుటకు వేఱు ఆజ్ఞ కలదు. వర్చువల్‌బాక్సులో "--సిపియుఎగ్జిక్యూషన్‌క్యాప్ 50" అనినచో, ఒక్కొక్క కల్పిత ప్రాసెసరు నిజమైన ప్రాసెసరు కాలములో సగమునకు మించి వాడదు. ఏ కోరుపై నడువవలెనో నిర్ణయించుట మూడవ విషయము. దానికి "వర్ష్ విసిపియుపిన్" అను ఆజ్ఞ యున్నది. ఎన్ని, ఎంత, ఎక్కడ అను మూడు ప్రశ్నలను వేర్వేఱుగ నడుగుకొనవలెనని నా మనవి.

నాలుగు కోర్లుగల యంత్రముపై నాలుగేసి ప్రాసెసర్ల కల్పిత యంత్రములు మూడు నిలిపితి మనుకొనుడు. కాగితముపై పండ్రెండు, నిజమునకు నాలుగే. అన్నియు నొకేసారి పనిబడనంతవఱకు లోటు తెలియదు. పనిబడిన దినమున వంతులకై నిరీక్షణ తప్పదు. లోపలివాడు తనకు నాలుగున్నవనియే నమ్మి, తన ప్రోగ్రామునే నిందించుకొనును. అట్టివాడు "టాప్" పట్టికలో "ఎస్‌టి" అను అంకెను జూడవలెను. తన వంతు కాల మితరులకెంత పోయినదో అది తెల్పును.

2002లో హ్యూలెట్-ప్యాకార్డు సంస్థయు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును గలసి కుప్పమున ఐ-కమ్యూనిటీ యను ప్రయత్నము నారంభించినవి. గ్రామస్థులు సమాచార కేంద్రములకు వచ్చి కంప్యూటరును వాడుకొనవలెనని దాని తలంపు. అచ్చట యంత్రమునకై మనుష్యులు వంతు పుచ్చుకొనిరి. ప్రాసెసరునకై ప్రోగ్రాములు పుచ్చుకొను వంతును అట్టిదే. వరుసలో నిలిచినవానికి తన ముందెందఱున్నారో కనబడును. కల్పిత యంత్రములోనివానికి గనబడదు.

మదనపల్లె, కుప్పము కళాశాలలలో ఒక్క యంత్రముతో పది ప్రయోగములు చేయదలచు విద్యార్థులారా, మీ రంకె వ్రాయునప్పుడు నీరుగంటులు మీరే. చివరి మడికి నీరందినదో లేదో కట్టపైనున్నవాడే చూడవలెను గదా.