స్పార్క్ ప్లగ్గు ఆయుర్దాయము

1860లో లెన్వార్ తన గ్యాసు ఇంజనును విద్యుత్ స్ఫులింగముతో నడిపెను. 1902లో బాష్ సంస్థ ఇంజనీరు హోనోల్డ్ అధిక వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన ప్లగ్గును రూపొందించెను. తొలినాళ్ల పింగాణి వేడికి పగిలెడిది. అల్యూమినా వచ్చి ఆ బాధ చాలవరకు తీర్చినది.

ఇక మిగిలినది కొన అరుగుదల. స్ఫులింగము దూకినప్పుడెల్ల లోహము రవ్వంత నశించును, సందు పెరుగును, దానిని దాటుటకు మరింత వోల్టేజి కావలెను. నికెల్ 1455 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరుగును. ప్లాటినము 1768 వద్ద, ఇరిడియము 2446 వద్ద. కనుకనే వీటి కొనలు చిరకాలము మన్నును.

అయితే పాత కారునకు ఖరీదైన ప్లగ్గే మేలనుట పొరపాటు. రింగులు అరిగి, ఆయిలు పైకెక్కు ఇంజనులో ఇరిడియము అరుగకమునుపే మసి పట్టును. అట్టిచోట చవకైన నికెల్ ప్లగ్గును తరచు మార్చుటయే నయము. ఉష్ణశ్రేణి మాత్రము తయారీదారు చెప్పినదే ఉండవలెను. ప్లగ్గు మరీ వేడిదైనచో స్ఫులింగమునకు ముందే ఇంధనము అంటుకొనును.