ప్రళయకావేరి పూర్వాపరాలు

ఆంధ్ర, తమిళ సీమల సంధిలో, బంగాళాఖాతం ఒడ్డున విస్తరించి ఉన్న పులికాటు సరస్సును అక్కడి దీవుల తెలుగువారు ప్రళయకావేరి అంటారు. కాళంగి, ఆరణి నదులు తెచ్చే మంచినీరు, ముఖద్వారాల గుండా వచ్చే సముద్రపు ఉప్పునీరు ఇందులో కలుస్తాయి. దక్షిణపు ఒడ్డున డచ్చివారు 1613లో గెల్డ్రియా కోట కట్టి, చివరకు 1825లో ఆంగ్లేయులకు అప్పగించి వెళ్లారు. ఆ కోటను గూర్చి చరిత్రకారులు విస్తారంగా వ్రాశారు గాని, సరస్సుకూ సముద్రానికీ నడుమనున్న శ్రీహరికోట అడవిని గూర్చి వ్రాసింది తక్కువ.

మన తాతల కాలంలో ఆ అడవి చెన్నపట్టణపు పొయ్యిలలో మండింది. అక్కడ కొట్టిన వంటచెరకు బకింగ్‌హాం కాలువలో పడవలపై నగరానికి చేరేది. 1876-78 నాటి మహాక్షామంలో కూలికి వచ్చిన జనంచేతనే ఆ కాలువ పనులు కొంత చేయించారన్నది కూడ స్మరించదగిన సంగతి. అడవిలో తేనె, దుంపలు, మూలికలు సేకరిస్తూ యానాదులు తరతరాలుగా జీవించేవారు.

1969లో రాకెట్ ప్రయోగ కేంద్రానికి ఈ దీవిని ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న అక్కడినుండి తొలి రాకెట్టు ఎగిరింది. గొడ్డలి ఆగింది, అడవిలో చాలాభాగం నిలిచింది. అయితే ఆ అడవే ఇల్లుగా బ్రతికిన యానాదులు స్థానభ్రంశం చెందవలసి వచ్చింది. అడవి దక్కిందని సంతోషించేవారు ఈ రెండవ సంగతిని విస్మరించడం న్యాయం కాదు.

ఇందుకు భిన్నమైన తార్కాణం సమీపంలోని నేలపట్టు. అక్కడి చెరువులోని కడప చెట్లపై గూడబాతులు గూళ్లు కట్టుకొంటాయి. వాటి రెట్టలు కలిసిన నీరు పైరుకు సత్తువనిస్తుందని ఎరిగిన రైతులు, 1976లో అది ప్రభుత్వ సంరక్షణలోకి రాకమునుపే ఆ పక్షులను కాపాడుకొన్నారు.

పులికాటును ఆంధ్రప్రదేశ్ 1976లోను, తమిళనాడు 1980లోను పక్షుల అభయారణ్యంగా ప్రకటించాయి. శీతకాలంలో దిగే రాజహంసలను చూడడానికి జనం సూళ్లూరుపేటకు తరలివస్తారు. ముఖద్వారాల వైపు వెళ్లేవారు మాత్రం అరుదు. అవి ఇసుకతో పూడినప్పుడు చేపపిల్లలు, రొయ్యపిల్లలు సముద్రంనుండి లోపలికి రాలేవు. వేసవిలో సరస్సు ఉత్తరభాగం ఎండి బీటలువారుతుంది. రాయదొరువు వద్ద పూడిక తీయించమని ఆంధ్ర జాలరులు, పళవేర్కాడు వద్ద తీయించమని తమిళ జాలరులు, ఎవరి ప్రభుత్వాన్ని వారు ఏళ్ల తరబడి వేడుకొంటూ వచ్చారు.