పాన్‌గల్ చివరి కల్లు

వనపర్తి జిల్లాలో కల్లు అంటే ఈత కల్లో తాటి కల్లో గుర్తుకొస్తుంది. రాయిని రాయి అంటారు, పరుచుకుని ఉంటే బండ, గుండ్రంగా ఉంటే గుండు అంటారు. అదే జిల్లాలోని పాన్‌గల్ పేరులో మొదటి సగాన్ని ఊరి కథలకు వదిలి, చివరి ‘గల్’ను పట్టుకుంటే మరో కల్లు కనిపిస్తుంది. అది తాగేది కాదు, రాయి.

సమాసంలో కకారం గకారమవుతుంది. ఒరు, కల్లు కలిసి ఓరుగల్లు అయింది. సంస్కృతంలో దాన్నే ఏకశిలానగరం అన్నారు. వీరుడి పేర నిలిపిన రాయి వీరగల్లు. తెలుగు మాట అచ్చుతో ముగియాలి. కానీ ఫార్సీ, ఇంగ్లీషు దస్తరాలకు ఆ పట్టింపు లేదు. అందుకే ఓరుగల్లు వరంగల్ అయింది. పాన్‌గల్ తోక తెగిందీ ఆ దారిలోనే అనుకోవచ్చు.

మరి రాయి అనే అర్థం వాడుకలోంచి ఎందుకు జారిపోయింది? కన్నడంలో రాయి ‘కల్లు’, తాగేది ‘కళ్ళు’. తమిళంలోనూ ల, ళ తేడా ఈ రెంటినీ విడదీస్తుంది. తెలుగులో ఇలాంటి చోట్ల ళకారం లకారంగా మారింది: కన్నడ ‘ముళ్ళు’ మనకు ముల్లు, ‘హళ్ళి’ మనకు పల్లె. అలా రెండు కల్లులూ ఒకే మాటయ్యాయి. ఇరుకులో పడ్డ అర్థాల్లో తాగేదే నిలిచింది, రెండోదాని పని ‘రాయి’ చేపట్టింది. పాత కల్లు సన్నెకల్లులో మిగిలింది. పెళ్లిలో వధువు చేత తొక్కించేది దాన్నే.

పాన్‌గల్ గుట్ట మీది కోటకు ఈ అర్థం బాగా నప్పుతుంది. కృష్ణకు ఉత్తరాన ఉన్న ఈ సీమ బహమనీలకూ విజయనగరానికీ మధ్య నలిగిన సరిహద్దు. 1417 ప్రాంతంలో ఫిరోజ్ షా బహమనీ పాన్‌గల్‌ను ముట్టడించాడు. రెండేళ్లు గడిచినా కోట లొంగలేదు. సేనలో మనుషులూ గుర్రాలూ రోగాలతో కూలారు, చివరికి విజయనగరానిదే పైచేయి అయింది.

ఒక మాట చచ్చిపోయిందని నిఘంటువు చూసి తేల్చేస్తాం. ఊరి పేర్లూ పెళ్లి తంతులూ వెతికాకే ఆ తీర్పు చెప్పాలి. దస్తరాల భాష మారినప్పుడు పేరు చివరి అచ్చు పోయింది గానీ రాయి కదల్లేదు.