వగరు కాయల్లోంచి పుట్టిన జెల్లీ

1790లో లూయీ నికొలా వొక్లాన్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త చింతపండు మీద ఒక పరిశోధన వ్యాసం ప్రచురించాడు. అప్పట్లో యూరప్ మందుల దుకాణాల్లో చింతపండును సుఖవిరేచనానికి అమ్మేవారు. అందులో ఏయే పులుపులున్నాయో తేల్చే పనిలో ఆయనకు జిగటగా పేరుకునే గుణమున్న పదార్థం ఒకటి కనబడింది. పండ్ల రసాన్ని జెల్లీగా బిగించేదేమిటన్న వెతుకులాటకు అదే మొదటి మెట్టు. పొద్దున లేస్తే చింతపండు పిసికే మన ఇళ్లకూ, యూరప్ వాళ్ల జెల్లీ సీసాకూ మధ్య ఇంత పాత చుట్టరికం ఉందని చాలామందికి తెలియదు.

శాస్త్రజ్ఞుడి కంటికి పడక ముందే వంట చేసేవాళ్లకు ఆ గుణం తెలుసు. క్విన్స్ అనే పండు ఉంది. చూడటానికి పసుపుపచ్చని పెద్ద జామకాయలా ఉంటుంది. పచ్చిగా కొరికితే నాలుక మొద్దుబారేంత వగరు. గ్రీకులు దాన్ని తేనెలో ఊరబెట్టి దాచుకునేవారని క్రీస్తుశకం ఒకటో శతాబ్దపు వైద్యుడు డయాస్కొరిడీస్ రాశాడు. తీపి కలిపి ఉడికిస్తే ఆ వగరంతా పోయి, గుజ్జు ఎర్రబారి, చల్లారాక కత్తితో కోసుకునేంత గట్టిగా బిగుస్తుంది. రెడ్‌కరెంట్, అడవి యాపిల్, క్రాన్‌బెర్రీ, అడవి ద్రాక్ష... జెల్లీకి పేరుపడ్డవన్నీ ఇలా నోట పెట్టుకోగానే మొహం చిట్లించేవే. దానికి కారణముంది. కాయలోని కణాల గోడలను అంటిపెట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థం దోరకాయలో దండిగా ఉంటుంది. పండు మాగేకొద్దీ అందులోని ఎంజైములే దాన్ని విరగ్గొడతాయి. పులుపు కూడా తగ్గిపోతుంది. చెట్టు కిందే తినేసే తియ్యటి పండు తనంతట తాను జెల్లీ కావడం కష్టం. పక్షులకూ పిల్లలకూ వదిలేసిన కంచె కాయే అవుతుంది. జెల్లీ చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి ఇదే.

అయితే కాయ ఒక్కటే చాలదు, చక్కెర కావాలి. చెరకు రసాన్ని కాచి పలుకులు కట్టించే విద్య మన దేశంలో పుట్టి, పర్షియా, అరబ్బు దేశాల మీదుగా మధ్యధరా తీరానికి చేరింది. మధ్యయుగపు యూరప్‌లో చక్కెర సుగంధద్రవ్యాల సరసన మందుల దుకాణంలో దొరికేది. అందుకే తొలినాటి జెల్లీ పాకాలు వైద్యుల పుస్తకాల్లో కనిపిస్తాయి. భవిష్యవాణి చెప్పినవాడిగా మనకు తెలిసిన నోస్ట్రడామస్ వృత్తిరీత్యా వైద్యుడు. 1555లో ఆయన పేరుతో వచ్చిన పుస్తకంలో క్విన్స్ జెల్లీ చేసే తీరు ఉంది. ఆ తర్వాత బ్రెజిల్‌లో, కరీబియన్ దీవుల్లో ఆఫ్రికా నుంచి బలవంతంగా తెచ్చిన బానిసల చేత చెరకు పండించడంతో చక్కెర ధర దిగివచ్చింది. సంపన్నుల బల్ల మీది జెల్లీ సామాన్యుడి రొట్టె మీదికి రావడం వెనక వాళ్ల చెమటా నెత్తురూ ఉన్నాయి, ఆ మాట దాటవేసి ఈ కథ చెప్పకూడదు. 1874లో బ్రిటన్ చక్కెర మీద సుంకం ఎత్తేసిన తర్వాత అక్కడ జామ్, జెల్లీ కూలివాళ్ల ఇళ్లలోనూ రోజువారీ తిండి అయ్యాయి.

జెల్లీ చేసే ఓపికలో ఫ్రాన్స్ తూర్పున ఉన్న బార్-ల-ద్యూక్ ఊరివాళ్లను మించినవాళ్లు లేరు. అక్కడ రెడ్‌కరెంట్ పండ్లతో చేసే తీపి నిల్వ ప్రస్తావన 1344 నాటికే ఉంది. రెడ్‌కరెంట్ అంటే మిరియం గింజ కంటే కాస్త పెద్దది, లోపలి గింజలు బయటికి కనబడేంత పలుచని చర్మం. పెద్దబాతు ఈకను చివర వాడిగా చెక్కి, ఒక్కో పండుకూ పక్కన చిన్న గాటు పెట్టి, పండు చిట్లకుండా లోపలి గింజలు ఒక్కొక్కటే తీసేస్తారు. గింజలు తీసిన పండ్లను చక్కెర పాకంలో వేస్తే తమ రసంలో తామే బిగుస్తాయి. ఎర్రని గాజులాంటి జెల్లీలో పండ్లు గుండ్రంగా నిలబడి కనిపిస్తాయి.

వొక్లాన్ చూచాయగా పట్టుకున్న పదార్థాన్ని విడిగా తీసి దానికి పేరు పెట్టిన ఆన్రీ బ్రాకొనో కూడా ఆ ఊరున్న లొరేన్ ప్రాంతం వాడే. బార్-ల-ద్యూక్‌కు దగ్గర్లోని కొమెర్సీలో పుట్టి, నాన్సీలో పనిచేశాడు. 1825లో ఆయన ప్రకటించిన ఫలితాలతో పెక్టిన్ రసాయన శాస్త్రంలోకి వచ్చింది. తర్వాతి పరిశోధకులు లెక్కలు కట్టారు: రసంలో సుమారు 1 శాతం పెక్టిన్, పీహెచ్ 3 దరిదాపుల్లో పులుపు, 65 శాతం దాకా చక్కెర. పెక్టిన్ పోగులు మామూలుగా ఒకదాన్నొకటి తోసుకుంటాయి. పులుపు ఆ తోపులాట ఆపుతుంది, చక్కెర నీటిని తనవైపు లాక్కుంటుంది. అప్పుడు పోగులు కలిసి వలగా అల్లుకుని రసాన్ని పట్టేస్తాయి.

అట్లాంటిక్ దాటి వెళ్లిన వలసదారులకు అమెరికాలో కొత్త కాయలు దొరికాయి. కేప్ కాడ్ ఇసుక దిబ్బల మీద బీచ్ ప్లమ్, మైదానాల్లో చోక్‌చెర్రీ, వాగుల వెంట అడవి ద్రాక్ష. వీటిలో చాలావాటిని అక్కడి ఆదివాసులు అప్పటికే తింటున్నారు, ఎండబెట్టి దాచుకుంటున్నారు. వలస వచ్చినవాళ్లు చేసినదల్లా చక్కెర కలిపి కాచడం. మూతల సీసాలు లేని రోజుల్లో జెల్లీ మీద బ్రాందీలో ముంచిన కాగితం పరిచేవారు, తర్వాత కరిగించిన మైనం పోసేవారు. 1858లో జాన్ మేసన్ మరమూత సీసాకు పేటెంటు తీసుకున్నాడు. 1913లో రాబర్ట్ డగ్లస్ యాపిల్ పిప్పి నుంచి పెక్టిన్ తీసే పద్ధతికి పేటెంటు పొందాడు. అది సెర్టో పేరుతో సీసాల్లో అమ్మకానికి వచ్చింది. దాంతో ఏ పండయినా నిమిషాల్లో బిగిసింది, స్ట్రాబెర్రీ సైతం. సౌకర్యమే, కాదనను. కానీ ఏ కాయలో ఎంత బలముందో, ఎప్పుడు కోయాలో చేతితో తెలుసుకునే నేర్పు చాలా ఇళ్లలో అక్కడితో సన్నగిల్లింది.

మనకు ఈ జెల్లీ ఎందుకు పుట్టలేదు? నాకు తోచేది, మనకు ఎండ ఉంది. మామిడి రసాన్ని చాప మీద పొరలు పొరలుగా పోసి ఎండబెడితే తాండ్ర అవుతుంది, కాయను ఉప్పూ కారంలో ఊరవేస్తే ఏడాది నిలుస్తుంది. పొయ్యి మీద చక్కెర ఖర్చు పెట్టే అవసరం రాలేదు. వలస పాలన రోజుల్లో ఇక్కడున్న బ్రిటిష్ కుటుంబాలవాళ్లు మాత్రం తమ రెడ్‌కరెంట్ దొరక్క, జామకాయతోనూ, ఎర్ర గోంగూర కాయల చుట్టూ ఉండే పుల్లటి రేకులతోనూ, వాక్కాయతోనూ జెల్లీ చేయించుకున్నారు. వాక్కాయను మనం పప్పులో, పులిహోరలో, పచ్చడిలో వాడతాం. బేకరీ కేకు మీద చెర్రీ పేరుతో మెరిసేది చాలాసార్లు పాకం పట్టి రంగేసిన వాక్కాయే. దాని అసలు శక్తి జెల్లీలో ఉంది. పులుపూ పెక్టినూ రెండూ పుష్కలం.

వాక్కాయ జెల్లీ చేసే తీరు ఇది. జిగురు పాలు పోయేలా కాయలు కడిగి, నలిపి, మునిగేంత నీళ్లు పోసి మెత్తబడేదాకా ఉడికించాలి. పలుచని గుడ్డలో పోసి వేలాడదీయాలి. పిండితే రసం మసకబారుతుంది, దానంతటదే కారనివ్వాలి. కప్పు రసానికి ముప్పావు నుంచి కప్పు చక్కెర కలిపి పెద్ద మంట మీద కాచాలి. గరిటె ముంచి పక్కకు వంచితే మొదట నీళ్లలా జారుతుంది, తర్వాత రెండు చుక్కలుగా వేలాడుతుంది. ఆ రెండు చుక్కలూ కలిసి పొరలా ఒక్కసారిగా ఊడిపడిన క్షణం దించేయాలి. థర్మామీటరు ఉంటే అప్పుడు 105 డిగ్రీల సెల్సియస్ చూపిస్తుంది. వాక్కాయలు ఎండాకాలం చివర నుంచి వానల దాకా పండుతాయి. కోసేటప్పుడు నల్లగా మాగినవే కాకుండా నాలుగో వంతు దోరకాయలు కూడా కలుపుకుంటే బజారు పెక్టిన్ పొడి అక్కర్లేదు.