తవ్వమన్న చెట్టు

1861 ఏప్రిల్ 21, ఆదివారం. చీకటి పడింది. ఆస్ట్రేలియా లోపలి ప్రాంతంలో, కూపర్ క్రీక్ ఒడ్డుకు ముగ్గురు మనుషులు, లాండా, రాజా అనే రెండు ఒంటెలు ఈడ్చుకుంటూ చేరాయి. దూరాన గుడారాలు కనిపిస్తున్నాయనుకుని వాళ్ల నాయకుడు బర్క్ పేరుపేరునా కేకలేశాడు. ఎవరూ పలకలేదు. పొయ్యిలో నిప్పు మాత్రం ఇంకా ఆరలేదు. కూలిబా చెట్టు మాను మీద కొత్తగా చెక్కిన అక్షరాలు: తవ్వండి.

తవ్వారు. పెట్టెలో పిండి, చక్కెర, బియ్యం, ఎండుమాంసం. సీసాలో ఉత్తరం. కాపలాగా ఉంచిన బ్రాహే బృందం ఆ పొద్దున్నే వెళ్లిపోయింది. తొమ్మిది గంటల తేడా!

ఎనిమిది నెలల కిందట మెల్‌బోర్న్‌లో దాదాపు 15 వేల మంది సాగనంపిన యాత్ర ఇది. 19 మంది మనుషులు, 26 ఒంటెలు, ఎడారిలోకి బల్లా కుర్చీలూ కూడా! ఒంటెల్లో చాలావరకు కరాచీలో ఓడెక్కినవే. నాయకుడు రాబర్ట్ ఓహారా బర్క్ పోలీసు అధికారి, ఎడారి ముఖం ఎరగడు. బర్క్, విల్స్, కింగ్, గ్రే ఉత్తరంగా కార్పెంటేరియా సింధుశాఖ దాకా వెళ్లారు. మడ అడవులు అడ్డొచ్చి సముద్రాన్ని చూడకుండానే వెనుదిరిగారు. దారిలో గ్రే చనిపోయాడు. ఓపిక లేని చేతులతో అతన్ని పూడ్చడానికే ఒక రోజు పట్టింది.

అందరూ ఆ తొమ్మిది గంటల గురించే చెప్పుకుంటారు. నాకు మింగుడుపడనిది మే 8. తమవాళ్ల వెంట పడదామని విల్స్, కింగ్ అన్నా, బర్క్ మరో దిక్కున ఉన్న మౌంట్ హోప్‌లెస్ వైపే దారి పట్టించాడు. వెళ్లేముందు తామూ ఓ ఉత్తరం పాతిపెట్టి, ఆనవాలు తెలియకుండా నేల సాపు చేశారు. చెట్టు మీద మాత్రం ఒక్క గీతైనా అదనంగా గీయలేదు. మే 8న, మనసొప్పక వెనక్కొచ్చిన బ్రాహే పావుగంట చూశాడు. అంతా ఎలా వదిలాడో అలాగే ఉందనుకుని, తవ్వకుండానే వెళ్లిపోయాడు. అప్పటికి ముగ్గురూ ప్రాణాలతోనే, అదే ఏటి వెంట ఉన్నారు.

ఆపైన నార్డూ అనే నీటిమొక్క గింజల్లాంటి కాయల పిండే దిక్కయింది. పద్ధతిగా వండకపోతే ఒంట్లోని బి1 విటమిన్‌ను అది హరిస్తుంది. కడుపు నిండేది, కాళ్లు లేచేవి కావు. పద్ధతి తెలిసిన అక్కడి యాండ్రువాండా జనం చేపలు తెచ్చిస్తే, బర్క్ వాళ్లను తుపాకీ పేల్చి బెదరగొట్టాడు. జూన్ ఆఖరుకల్లా విల్స్, బర్క్ ఇద్దరూ పోయారు. సెప్టెంబరు 15న వాళ్లను వెతుకుతూ హోవిట్ బృందం వచ్చేదాకా కింగ్‌కు అన్నం పెట్టి బతికించింది ఆ జనమే.