కిపాండే నుంచి హుదుమా నంబా దాకా

కెన్యా రాజధాని నైరోబీలో కిబేరా అనే పెద్ద బస్తీ ఉంది. ఆ దేశం గురించి ఎవరు ఫోటో తీసినా ఆ రేకుల కప్పులే చూపిస్తారు. ఆ పేరు ఎక్కడిదో మాత్రం ఎవరూ చెప్పరు. నూబియన్ల మాటలో 'కిబ్రా' అంటే అడవి. బ్రిటిష్ వాళ్లు సూడాన్ వైపు నుంచి సిపాయిలుగా తెచ్చుకున్న వారి సంతతే ఈ నూబియన్లు. వాళ్ల చేత యుద్ధాలు చేయించుకుని, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నైరోబీ పక్క అడవిలో ఉండమన్నారు. అప్పట్లో అది 4,000 ఎకరాలకు పైమాటే. పట్టా మాత్రం ఇవ్వలేదు. పోడు కొట్టి ఊరు చేసుకున్న మనిషి చేతిలో కాగితం లేకపోతే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. చివరికి 2017లో వాళ్లకు సామూహిక పట్టా వచ్చింది. అది 288 ఎకరాలకు.

ఈ నూబియన్ల సంఘమే 2019లో తమ ప్రభుత్వం మీద ఒక పెద్ద కేసు వేసింది. డిజిటల్ హక్కుల గురించి ఆఫ్రికాలో ఎవరు మాట్లాడినా ఇప్పుడు ఆ కేసు ప్రస్తావన వస్తుంది. డిజిటల్ హక్కులంటే చదువుకున్న పట్నం వాళ్ల గొడవ అనుకునే మన పిల్లలకు దీన్ని చెప్పాలని మేము ఇది రాస్తున్నాం.

కెన్యాలో మనుషులకు నంబర్లు వేయడం కంప్యూటర్లతో మొదలు కాలేదు. 1915లోనే తెల్ల ప్రభుత్వం దానికి చట్టం చేసింది, మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక గట్టిగా అమలు చేసింది. పదహారేళ్లు దాటిన ప్రతి ఆఫ్రికన్ మగవాడూ కిపాండే అనే పత్రం దగ్గర ఉంచుకోవాలి. అందులో వేలిముద్ర, ఎవరి దగ్గర పని చేశాడు, కూలి ఎంత అన్నీ ఉంటాయి. దాన్ని చిన్న రేకు డబ్బీలో పెట్టి మెడలో వేలాడేసుకోవాలి. యజమాని అందులో సంతకం పెడితేనే ఇంకోచోట పనికి పోగలడు. తెల్లవాళ్లకు ఈ డబ్బీ లేదు. దీన్ని ఎదిరించిన హారీ థుకు ప్రభుత్వ ఖజానా ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటర్. 1922 మార్చిలో ఆయన్ని పట్టుకుపోతే జనం ఠాణా ముందు గుమిగూడారు. మేరీ ముతోనీ న్యాంజీరు అనే ఆమె మగవాళ్లను సిగ్గుపడేలా ఎగతాళి చేసి ముందుకు నడిచింది. పోలీసులు కాల్చారు. సర్కారు లెక్కల్లోనే ఇరవై మందికి పైగా చనిపోయారు, అందులో ఆమె ఒకతె. అదే కాలంలో అదే దొరతనం ఇక్కడ నేరస్థ జాతుల చట్టం కింద మన ఎరుకల వారి పేర్లూ వేలిముద్రలూ పోలీసు రిజిస్టర్లకు ఎక్కించింది. ఠాణాలో హాజరు వేయించుకోవడమంటే ఏమిటో స్టువర్టుపురం పెద్దలను అడగాలి.

1963లో కెన్యాకు స్వాతంత్ర్యం వచ్చింది. నూబియన్లకు గుర్తింపు కార్డు మాత్రం సులువుగా రాలేదు. మామూలు కెన్యా పౌరుడికి తల్లిదండ్రుల కార్డులు, జనన పత్రం చాలు. నూబియన్ కుర్రవాడూ సోమాలీ కుర్రవాడూ విచారణ కమిటీ ముందు నిలబడాలి. తాత కాగితాలు తేవాలి, అఫిడవిట్ పెట్టాలి, పెద్దల చేత సాక్ష్యం చెప్పించాలి. కార్డు లేనిదే ఓటు లేదు, బ్యాంకు ఖాతా లేదు, సిమ్ కార్డు కూడా లేదు. ఫోన్‌లో ఎంపెసా ద్వారానే డబ్బంతా నడిచే దేశంలో సిమ్ లేకపోవడమంటే చేతులు కట్టేసినట్టే. నూబియన్ పిల్లల జాతీయత హక్కును కెన్యా కాలరాసిందని ఆఫ్రికా బాలల హక్కుల నిపుణుల కమిటీ 2011లోనే తేల్చి చెప్పింది. పెద్దగా ఏమీ మారలేదు.

ఆ తర్వాతి ఏళ్లలో నూబియన్ రైట్స్ ఫోరం ఒక పని చేసింది. మాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. బస్తీ యువతీయువకులకే చట్టం నేర్పి పారాలీగల్ కార్యకర్తలుగా తయారు చేసింది. దరఖాస్తులు నింపడంలో వాళ్లు జనానికి తోడున్నారు. ఏ కేసులో ఏమైందో రాసి పెట్టారు.

2018 చివర్లో ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చింది. విడిగా చర్చ లేకుండా అనేక చట్టాల చిన్న సవరణల మూటలో దీన్నీ కలిపేసింది. దేశంలో అందరికీ ఒకే నంబరు, పేరు హుదుమా నంబా, అంటే సేవల సంఖ్య. వేలిముద్ర, కనుపాప, గొంతు, చెవి ఆకారం, డీఎన్ఏ, ఇంటి జీపీఎస్ గుర్తు, ఇవన్నీ తీసుకోవచ్చని రాశారు. మనుషుల సమాచారాన్ని కాపాడే చట్టం మాత్రం అప్పటికి ఆ దేశంలో లేనే లేదు. కాగితం దగ్గరే గడప దాటనివ్వని వాళ్లు కంప్యూటర్ దగ్గర దాటనిస్తారా అన్నది నూబియన్ల ప్రశ్న. కెన్యా మానవ హక్కుల సంఘం, ప్రభుత్వ చట్టం కిందే ఏర్పడిన జాతీయ మానవ హక్కుల కమిషన్ కూడా విడిగా కేసులు వేశాయి.

2019 ఏప్రిల్ 1న హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది: నమోదు బలవంతం కాదు, గడువు పెట్టొద్దు, డీఎన్ఏ, జీపీఎస్ తీసుకోవద్దు. అయినా భయంతో జనం వరసలు కట్టారు. మూడున్నర కోట్ల మందికి పైగా నమోదయ్యారు. మన ఆధార్ మాట అక్కడ పదే పదే వచ్చింది. మన దేశపు సైబర్ నిపుణుడు ఒకరు పిటిషనర్ల తరఫున సాక్ష్యం చెప్పారు. మన సుప్రీంకోర్టు 2018 ఆధార్ తీర్పును నైరోబీ న్యాయమూర్తులు చర్చించారు. జీసీసీ డిపోలో వేలిముద్ర పడక ఉత్త సంచితో కొండెక్కిన మన అవ్వల బాధ కూడా, ఆ లెక్కన, అంత దూరపు కోర్టులో ఏదో ఒక మూల వినబడినట్టే.

2020 జనవరి 30న ముగ్గురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. డీఎన్ఏ, జీపీఎస్ తీసుకోవడం రాజ్యాంగ విరుద్ధం. పూర్తి నిబంధనలు చేశాకే పథకం నడపాలి. కాగితాలు లేనివారు, వేలిముద్రలు పడనివారు బయట మిగిలిపోయే ప్రమాదం ఉందని ఒప్పుకున్నారు, దానికీ నిబంధనలు చేయమన్నారు. అయితే నూబియన్లు ఏ బాధతో కోర్టు మెట్లెక్కారో ఆ విచారణ కమిటీలను కోర్టు రద్దు చేయలేదు. దేశమంతటి ఇళ్ల గుట్టును కాపాడిన వాళ్లు తాము మాత్రం మళ్లీ అదే కమిటీ ముందు నిలబడ్డారు. చాలామంది దీన్ని గెలుపు అనే రాస్తారు. సగం గెలుపు అనడమే న్యాయమని మా అభిప్రాయం.

ప్రభుత్వం నిబంధనలు చేసి 2020 నవంబరులో కార్డులు మొదలుపెట్టింది. ఈసారి కటీబా ఇన్‌స్టిట్యూట్ కోర్టుకు వెళ్లింది. దాని వెనక ఉన్న యశ్ పాల్ ఘాయ్ భారత సంతతి కెన్యా పండితుడు, వాళ్ల రాజ్యాంగ రచనలో పాలుపంచుకున్నవాడు. జనం సమాచారానికి ఏ ముప్పు రావచ్చో ముందే అంచనా వేయాలని 2019 నాటి సమాచార రక్షణ చట్టం చెబుతోంది, ఆ పని చేయకుండా కార్డులివ్వడం చెల్లదని 2021 అక్టోబరులో జస్టిస్ ఎన్‌గా తీర్పిచ్చారు. తర్వాత ప్రభుత్వం మారింది, 2023లో పథకం పేరు మైషా నంబా అయింది, కోర్టు కేసులు మళ్లీ మొదలయ్యాయి.

2025 ఫిబ్రవరిలో అధ్యక్షుడు విలియం రూటో సోమాలీలు ఎక్కువగా ఉండే వజీర్ పట్టణానికి వెళ్లి, సరిహద్దు జిల్లాల వారికి కార్డుల కోసం జరిపే ప్రత్యేక విచారణను ఎత్తేస్తూ సంతకం పెట్టారు. నూబియన్ల సంఘం హుదుమా కేసు వేసి అప్పటికి ఆరేళ్లు.