పట్టాలు పోయినా కట్ట మిగిలింది

జైనూర్ మీదుగా రైలు మార్గం లేదు. ఇక్కడివాళ్ళు రైలెక్కాలంటే పడమటికి ఉట్నూర్, గుడిహత్నూర్ దాటి ఆదిలాబాద్ పోవాలి, లేదంటే తూర్పున కెరమెరి ఘాట్ దిగి ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్‌కు చేరాలి. ఈ రెండు స్టేషన్లూ నిజాం రైల్వే వేసిన లైన్ల మీదివే అయినా వాటి పుట్టుక వేరు, నడత వేరు. కాజీపేట నుంచి బల్లార్షా దాకా పోయే బ్రాడ్‌గేజి 1929 నాటికి పూర్తయి, ఢిల్లీకీ మద్రాసుకూ నడుమ దగ్గరి దారి అయింది. ముద్‌ఖేడ్ నుంచి కిన్వట్ మీదుగా ఆదిలాబాద్ వచ్చే 162 కిలోమీటర్ల లైను మాత్రం మీటరుగేజి. పత్తి మూటలకూ పాసింజర్లకూ పనికొచ్చే కొస లైను అది.

రైలు వస్తే అందరికీ మేలే అని ఈ ప్రాంతం చరిత్ర తెలిసినవారు ఒక్క మాటలో అనలేరు. 1940 దశకంలో జైనూర్ మండలంలోని మార్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని అధ్యయనం చేసిన హైమన్‌డార్ఫ్, రోడ్లూ రైళ్ళూ పడ్డాక బయటివాళ్ళు ఎట్లా వచ్చి చేరారో, ఆదివాసుల చేతుల్లోంచి భూములు ఎట్లా జారిపోయాయో రాసిపెట్టాడు. రైలు బొగ్గును మోసింది, కలపను మోసింది, కాగజ్‌నగర్ కాగితం మిల్లును నిలబెట్టింది. అడవి అంచు ఊళ్ళకు కొత్త ఆసాములనూ అదే తెచ్చింది. అందుకే పాత లైన్లను మళ్ళీ నడపాలని ఎవరైనా అన్నప్పుడు నేను ముందు అడిగేది ఒకటే: ఆ బండి ఎవరిని ఎక్కించుకుంటుంది, ఏ వేళకు ఎక్కించుకుంటుంది?

తెలుగు నేలమీద పూర్తిగా పట్టాలు పీకేసి, రెండు తరాలు గడిచాక మళ్ళీ వేసిన లైను ఒకటుంది. అది కాకినాడ నుంచి కోటిపల్లి పోయే 45 కిలోమీటర్ల దారి. 1928లో వేశారు. కరప, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా గౌతమీ గోదావరి ఒడ్డున కోటిపల్లి రేవు దగ్గర ఆగిపోతుంది. దారి పొడుగునా వరి చేలు, కాలవలు. ద్రాక్షారామం పంచారామాల్లో ఒకటి, కోటిపల్లి పుణ్యస్నానాల రేవు. గోదావరి అవతలి ఒడ్డు ముక్తేశ్వరం, అక్కణ్ణుంచి కోనసీమ. ధాన్యానికీ యాత్రికులకూ కాకినాడ కోర్టు కచేరీ పనులవాళ్ళకూ ఇంతకన్నా సరైన దారి ఉండదు.

అది నడిచింది పన్నెండేళ్ళే. 1940లో రెండో ప్రపంచ యుద్ధం పేరిట పట్టాలు ఊడదీశారు. ఆ యుద్ధకాలంలో రాబడి తక్కువని తేల్చిన బ్రాంచి లైన్లను దేశమంతటా ఇట్లాగే పీకి, ఆ ఇనుమును యుద్ధపు అవసరాలకు మళ్ళించారు. పట్టాలు పీకడం కష్టమైన పని కాదు. రెండు పట్టాలను కలిపే ఫిష్‌ప్లేట్ల బోల్టులు విప్పుతారు, పట్టాను స్లీపరుకు బిగించిన మేకులు లాగుతారు, పట్టాను ఎత్తి వ్యాగన్‌లో వేస్తారు. వెనక్కి వస్తూ ఆ వ్యాగన్ నిలిచిన పట్టాలను కూడా విప్పుకుంటూ వస్తారు. కానీ మట్టి కట్టను ఎవరూ ఎత్తుకుపోలేరు. తూములు, వంతెనల దిమ్మలు, కంకర ఉన్నచోటే ఉంటాయి. ఒక లైను మళ్ళీ పుట్టగలిగిందంటే ఈ కట్ట వల్లనే. కొత్తగా భూమి సేకరించాలంటే ఎన్నేళ్ళు పడుతుందో, ఎన్ని కోర్టు కేసులు నడుస్తాయో తెలిసినవారికి ఆ మట్టి విలువ తెలుస్తుంది.

దేశంలో అప్పుడు పోయిన లైన్లన్నీ ఒకే తీరున తిరిగి రాలేదు. కేరళలో షోరనూర్–నిలంబూర్ లైను 1927లో వచ్చింది, 1941లో పోయింది, 1954లో తిరిగి వచ్చింది. హిమాచల్‌లో కాంగ్రా లోయ లైనులో నగ్రోటా నుంచి జోగీందర్‌నగర్ దాకా ఉన్న చివరి ముక్కను యుద్ధంలో తీసేసి 1954లోనే మళ్ళీ వేశారు. తమిళనాడులో మదురై–బోడినాయకనూరు కోటిపల్లికి జోడీ లాంటిది. అదీ 1928లోనే మొదలైంది, 1942లో పట్టాలు పోయాయి. అయినా 1950లు గడవకముందే మళ్ళీ బండి నడిచింది. నిలంబూర్‌కు టేకు ఉంది, బోడికి యాలకులున్నాయి, జోగీందర్‌నగర్‌లో జలవిద్యుత్ కేంద్రం ఉంది. కోటిపల్లికి ధాన్యం ఉంది, దేవుళ్ళున్నారు, రోజూ తిరిగే జనం ఉన్నారు. అయినా అరవై నాలుగేళ్ళు ఆగాల్సి వచ్చింది. ఈలోగా రోడ్లు పడ్డాయి, ఆర్టీసీ బస్సులు వచ్చాయి, ఊళ్ళ నడక అంతా రోడ్డుకు అలవాటు పడింది. పదిహేనేళ్ళలోపే తిరిగొచ్చిన లైను తన పాత ప్రయాణికులనే ఎక్కించుకుంది. కోటిపల్లి లైను తిరిగొచ్చేసరికి ఆ ప్రయాణికుల మనవలు బస్టాండులో నిలబడి ఉన్నారు.

2004లో కాకినాడ–కోటిపల్లి లైను తెరిచారు. దాని మీద నడిచిన బండిని జనం రైలుబస్సు అన్నారు. పేరుకు తగ్గట్టే ఒకే ఒక్క పెట్టె, ఇంజను కూడా అందులోనే. టికెట్ కిటికీ దగ్గర నిలబడే పని లేదు, బండిలోనే కండక్టరు టికెట్ కొట్టేవాడు. చిన్న చిన్న హాల్టుల దగ్గర ఆగి, బుట్టలతో ఎక్కేవాళ్ళను ఎక్కించుకుని, చేల మధ్య నుంచి నిదానంగా పోయేది. ఆ బండిని ఇష్టపడనివారు తక్కువ. వచ్చిన చిక్కు ట్రిప్పులది. రోజంతటికీ అరకొర ట్రిప్పులు. పొద్దున పోయినవాడు తన పని ముగిసే వేళకు తిరుగు బండి దొరుకుతుందన్న నమ్మకంతో బయల్దేరలేడు. అదే దారిలో బస్సు ఒకటి తప్పితే ఇంకొకటి వస్తుంది. రైలు చార్జీ ఎంత తక్కువైనా, కూలి పనికో కాలేజీకో పోయేవాడు డబ్బుతో పాటు గంటలూ లెక్క చూసుకుంటాడు. ఎక్కేవాళ్ళు తక్కువని ట్రిప్పులు పెంచరు, ట్రిప్పులు లేవని ఎక్కేవాళ్ళు పెరగరు. 2020లో కరోనా వచ్చి దేశమంతా రైళ్ళు ఆగినప్పుడు ఈ రైలుబస్సూ ఆగింది. పెద్ద బండ్లు ఒక్కొక్కటే తిరిగి మొదలైనా, దీని వంతు వచ్చినట్టే వచ్చి తప్పుతూ పోయింది.

ఈ లైనును వేసిన తీరులో లోపం లేదు, నడిపిన తీరులోనే ఉందని నా అభిప్రాయం. దీనికి సాక్ష్యం శ్రీకాకుళం జిల్లాలో దొరుకుతుంది. నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి 1900లో అక్కడి రాజావారు వేయించిన నారోగేజి లైను ఉండేది. 1931లో దాన్ని గుణుపురం దాకా పొడిగించారు. బొమ్మరైలంత చిన్న బండి, గుణుపురం చేరేసరికి పూట గడిచేది. 2004లో, అంటే కోటిపల్లి లైను మళ్ళీ పుట్టిన ఏడాదే, ఈ నారోగేజిని ఆపేశారు. ఆరేడేళ్ళ పాటు ఆ ఊళ్ళకు రైలే లేదు. 2010, 2011లలో బ్రాడ్‌గేజిగా అంచెలంచెలుగా తెరిచాక విశాఖపట్నం నుంచి నేరుగా గుణుపురానికి పాసింజరు నడిపారు. పూరీ నుంచి కూడా బండి వేశారు. పూర్వం నౌపడలో దిగి, సామాను మోసుకుని, ఇంకో ప్లాట్‌ఫారానికి పోయి చిన్నబండి కోసం కాచుకునేవాళ్ళు. ఇప్పుడు పాతపట్నంలో ఎక్కినవాడు విశాఖలో దిగుతాడు. కొస లైనుకు ప్రాణం వచ్చింది పెద్ద ఊరితో నేరుగా ముడిపడ్డాకే.

ఆదిలాబాద్‌కు కూడా ఇదే జరిగింది. ముద్‌ఖేడ్ లైను మీటరుగేజిగా ఉన్నన్నాళ్ళు ఆదిలాబాద్ నుంచి దక్షిణాదికి పోయేవాళ్ళకు ఎక్కడో ఒకచోట బండి మారడం తప్పేది కాదు. మీటరుగేజిలో రెండు పట్టాల మధ్య దూరం 1,000 మిల్లీమీటర్లు, బ్రాడ్‌గేజిలో 1,676. ఆ 676 మిల్లీమీటర్ల తేడా వల్ల ఒక పెట్టె రెండో దారిలోకి పోలేదు. ఈ శతాబ్దం మొదటి దశకంలో గేజి మార్చాక కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఆదిలాబాద్ నుంచి తిరుపతి దాకా పోతోంది. ఇది ఈ జిల్లా చూసిన పెద్ద మేళ్ళలో ఒకటి. ఇందులో నాకు రెండో మాట లేదు.

అయితే గేజి మార్పు పాత కట్టను వాడుకున్నా, దాని మీద ఉన్న ఒక లోకాన్ని మొత్తం తుడిచేసింది. మీటరుగేజి రోజుల్లో కాచిగూడ నుంచి మీనాక్షి ఎక్స్‌ప్రెస్ నిజామాబాద్, ముద్‌ఖేడ్, పూర్ణ, అకోలా, ఖండ్వా మీదుగా జైపూర్ దాకా పోయేది. దక్కన్ నుంచి రాజస్థాన్‌కు ఒకే గేజిమీద సాగిన దారి అది. అందులో చాలాకాలం మిగిలిన అకోలా–ఖండ్వా ముక్క మేల్‌ఘాట్ పులుల అడవి గుండా పోయేది. 2017 మొదలయ్యేనాటికి దాన్ని కూడా మూసేశారు. గేజి వెడల్పు చేస్తే పులులకు చేటని, అడవి చుట్టూ తిప్పి వేయాలని పెద్ద వాదమే నడిచింది. కవ్వాల్ పులుల అభయారణ్యం పక్కన బతికే మనకు ఆ వాదం పరాయిది కాదు. కాజీపేట–బల్లార్షా దారిలో మూడో లైను పడ్డప్పుడు, కవ్వాల్‌కూ తాడోబాకూ నడుమ పులులు తిరిగే దారుల సంగతి ఇక్కడా తేలాల్సిన ప్రశ్నే అయింది.

పాతదాన్ని కాపాడటమంటే మన దగ్గర ఒక ఇంజనుకు రంగు వేసి స్టేషన్ ముందర దిమ్మె మీద నిలబెట్టడమే అనుకుంటున్నారు. అదీ కావాలి, కాదనను. పర్లాకిమిడి లైను ఇంజన్లు కొన్ని అట్లా ప్రదర్శనలో ఉన్నందుకే ఈనాటి పిల్లలకు నారోగేజి అంటే ఏమిటో తెలుస్తోంది. 1916 నాటి కాచిగూడ స్టేషన్‌లో గుమ్మటాలూ మినార్లూ చెక్కుచెదరకుండా ఉన్నాయి, లోపల రైల్వే మ్యూజియం ఉంది, అదే స్టేషన్‌లో రోజూ వేలమంది ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. వాడుకలో ఉంచుతూ కాపాడటానికి తెలంగాణలో ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించదు. అయితే నిజాం స్టేట్ రైల్వే అంటే కాచిగూడ ఒక్కటే కాదు. కిన్వట్ దారిలోని చిన్న స్టేషన్ల రాతి గోడలు, నీళ్ళ ట్యాంకులు, చేత్తో లాగే సిగ్నల్ మీటలు, ఒక్క లైను మీద రెండు బండ్లు ఎదురెదురుగా రాకుండా డ్రైవరు చేతికి ఇచ్చే టోకెన్లు కూడా నిజాం రైల్వేనే. వెదురు చట్రానికి బిగించిన ఆ టోకెన్‌ను బండి ఆగకుండానే అందుకోవడం ఒక విద్య. ఆ విద్య తెలిసిన డ్రైవర్లు, పాయింట్స్‌మన్లు ఇప్పుడు ముసలివాళ్ళు. వారి జ్ఞాపకాలను రాయించి పెట్టడానికి కోట్లు అక్కర్లేదు, ఒక డిగ్రీ కాలేజీ చరిత్ర శాఖ చాలు.

రోజువారీ ప్రయాణాలకు పాత లైన్లను వాడుకోవడంలో హైదరాబాద్ ముందు నడిచింది. 2003 ఆగస్టు 9న మొదలైన ఎంఎంటీఎస్‌కు కొత్త పట్టాలు పెద్దగా వేయలేదు, నిజాం కాలం నాటి దారులకే లోకల్ బండ్లు తగిలించారు. 2023లో ఆ బండ్లు బొల్లారం దాటి మేడ్చల్ దాకా పోయాయి, మన నిజామాబాద్ దారిలోనే. 2024 మార్చి 5న మౌలాలి–సనత్‌నగర్ బైపాస్‌ను తెరిచారు. ఏళ్ళ తరబడి గూడ్సు బండ్లే తిరిగిన ఆ లైను మీద నేరేడ్‌మెట్, అమ్ముగూడ, సుచిత్ర లాంటి ఆరు కొత్త స్టేషన్లు వెలిశాయి. ఇళ్ళ పక్కనుంచి పోతూ దశాబ్దాల పాటు ఎవరికీ అక్కరకు రాని లైను అది. కొత్త ప్లాట్‌ఫారాలు బాగున్నాయి. అక్కడా ప్రయాణికులు కోరుతున్నది బండ్ల సంఖ్యే. కోటిపల్లిలో అడిగినదీ అదే.

కోటిపల్లి లైనుకు ఇంకో ఆశ ఉంది. నది అంచున ఆగిపోయిన ఆ లైనును గోదావరి దాటించి, అమలాపురం మీదుగా నరసాపురం దాకా కలపాలన్న పథకం 2000–01లో మంజూరైంది. లోక్‌సభ స్పీకరుగా ఉన్న అమలాపురం ఎంపీ జి.ఎం.సి. బాలయోగి దానికోసం గట్టిగా పట్టుబట్టాడు. 2002 మార్చిలో ఆయన హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయాడు. పథకం నిధుల కోసం, భూమి కోసం, రాష్ట్రం వాటా కోసం ఏళ్ళకేళ్ళు ఈడుస్తూ వచ్చింది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలు మూడింటి మీదా వంతెనలు కావాలి. ఖర్చంతా అక్కడే ఉంది, లాభం కూడా అక్కడే ఉంది. రైలుబస్సు నడిచిన రోజుల్లో కోనసీమకు పోయే మనిషి కాకినాడ నుంచి కోటిపల్లి రైల్లో వచ్చినా, రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరంలో మళ్ళీ బస్సు వెతుక్కోవాల్సి వచ్చేది. రెండుసార్లు మారే దారికన్నా ఒక్క బస్సే నయమని ఎవరికైనా అనిపిస్తుంది. వంతెనలు పూర్తయి నరసాపురంలో ముడి పడితే కాకినాడ, రామచంద్రపురం, అమలాపురం, భీమవరం ఒకే దారి మీదికి వస్తాయి. అప్పుడు రైల్వే వారు అక్కడ ఒంటిపెట్టె బండిని కాకుండా, పొద్దున ఎనిమిదింటికి ముందూ సాయంత్రం ఐదు దాటాకా పోయి వచ్చే పాసింజర్లను వేయాలి.